చావింటి ముందు ముగ్గు

మా వీధి చివర పాత జిన్నింగు మిల్లు వాళ్ల క్వార్టర్సు ఉండేవి. మిల్లు మూతపడ్డాక వాటిలో పావురాలూ, పేకాట ఆడేవాళ్లూ తప్ప ఎవరూ ఉండలేదు. చిలకలూరిపేటలో ఇది వింతేమీ కాదు. ఒక మిల్లు మూస్తారు, హైవే మీద ఇంకోటి తెరుస్తారు, దూది మాత్రం ఎప్పట్లాగే గాలికి కొట్టుకొచ్చి మా కిటికీ ఊచలకు అంటుకుంటుంది. నేను వరండాలో మిషను వేసుకుని జాకెట్లు కుడతాను. కాబట్టి వీధిలో ఏం జరిగినా ముందు నా కళ్లబడాల్సిందే. అందులో నా గొప్పేమీ లేదు, గొప్పంతా వరండాది.

ఓ ఏడు మిరపకాయల సీజను మొదలయ్యే రోజుల్లో ఆ క్వార్టర్సుకి రంగులు పడ్డాయి. కొత్త తలుపులొచ్చాయి. గది గదికీ బాత్రూము, వంట చేసుకోవడానికి ఓ గట్టు, ఫ్యాను. ఏ బ్యాంకు ఉద్యోగులో దిగుతారు, జాకెట్లకి గిరాకీ పెరుగుతుందని నేను లోపల్లోపల సంబరపడుతున్నాను. తీరా చూస్తే అవి ఏళ్లకేళ్లు రోడ్డు మీదే బతికినవాళ్లకట. బస్టాండులో, ఫ్లైఓవరు కింద, రైలు స్టేషన్లో పడుకునేవాళ్లకి. ఒక సేవాసంస్థ తీసుకుందని చెప్పారు.

వీధి భగ్గుమంది. మా ఎదురింటి బాబాయి గారింట్లో మీటింగు పెట్టారు. ఆయన నాకు వరసకి బాబాయి కాడు గానీ, వీధంతటికీ బాబాయే. పత్తి వ్యాపారం చేసి మానేశాడు, పెద్దరికం మాత్రం మానలేదు. ఆ సంస్థ తరఫున ఓ అమ్మాయి వచ్చింది. సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు, నాన్న పాస్టరు. పాతికేళ్లుంటాయేమో, మా వీధి మగాళ్లందరి ముందూ నిలబడి ఒక్కత్తే మాట్లాడింది.

"రాత్రిపూట తల దాచుకోవడానికో హాలు కట్టారంటే అర్థముంది. మనిషికో గది, చేతికో తాళం చెవీ ఏంటమ్మా? ఎన్నాళ్లు ఉంటారు?" అని అడిగాడు బాబాయి గారు.

"వాళ్లు ఎన్నాళ్లు ఉంటే అన్నాళ్లండి."

"బాగుపడ్డాక పంపించేస్తారా?"

"లేదండి. ముందు ఇల్లు. మందులు, పెన్షన్లు, పనులు, అవన్నీ తర్వాత మేం చూసుకుంటాం. బాగుపడకపోయినా ఇల్లు వాళ్లదేనండి."

బాబాయి గారు నవ్వాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నాకూ ఆ మాట మింగుడు పడలేదు, కానీ నవ్వు రాలేదు. నాకు పెళ్లయి ఇన్నేళ్లయినా, ఏం చేసినా చేయకపోయినా ఈ ఇల్లు నీదే అని ఎవరూ నాతో అనలేదు. ఆ పిల్ల అంత తేలిగ్గా అనేసరికి నడుస్తున్న మిషను టక్కున ఆగినట్టయింది నాకు.

వాళ్లు దిగిన రోజు నేను పని పక్కన పడేసి చూశాను. ఒకాయన, మొదట్లో లారీ క్లీనరుగా చేశాడట, తన గదికి తాళం వేశాడు. తీశాడు. మళ్లీ వేశాడు. లాగి చూశాడు. మళ్లీ తీశాడు. పొద్దుట్నుంచి అన్నాలవేళ దాకా అదే పని. మా వీధి పిల్లలు ముందు వేళాకోళం చేశారు, కాసేపటికి వాళ్లే నోళ్లు మూసుకుని చూస్తూ నిలబడ్డారు. తలుపు వేసుకుంటే అది వేసినట్టే ఉంటుందని నమ్మడానికి ఒక మనిషికి అంతసేపు పడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

వాళ్లలో ఒకావిడ మా ఊరందరికీ తెలిసినావిడే. బస్టాండు మామ్మ. ఒంగోలు బస్సులు ఆగే చోట, చివరి స్తంభం దగ్గర, మూట ఆనుకుని కూర్చునేది. దర్శి వైపు మనిషని కొందరు, కాదు అద్దంకి అని కొందరు. కొడుకులున్నారని కొందరు, ఎవరూ లేరని కొందరు. అడిగితే నవ్వి ఊరుకునేది. నా పెళ్లికి ముందు నుంచీ ఆవిడ అక్కడే ఉందంటే చూసుకోండి. ఆవిణ్ణి తీసుకురావడానికి ఆ అమ్మాయి నెలల తరబడి తిరిగింది. టీ తాగించేది, పక్కన కూర్చునేది, వెళ్లిపోయేది. చివరికి ఓ సాయంత్రం మామ్మ తనంతట తనే మూట నెత్తినెత్తుకుని, "పద, ఏందో చూద్దాం" అందట.

వచ్చిన మొదటివారం గదిలో ఉన్నట్టే లేదు. అరుగు మీదే కూర్చునేది. ఆ తర్వాత ఓ రోజు తెల్లారేసరికి మా వీధంతా ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది. ఇంటింటి ముందూ ముగ్గు. చుక్కలు పెట్టి కలిపిన మెలికల ముగ్గులు, ఎక్కడా చెయ్యి వణికిన గుర్తు లేదు. మా ఇంటి ముందు వేసినదాన్ని నేను చాలాసేపు చూశాను. గీత ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో కనిపెట్టలేకపోయాను. గుడ్డ మీద ఎన్నో డిజైన్లు కుట్టినదాన్ని, నా వల్ల కాలేదు.

ఆ రోజు నుంచీ ముగ్గులు మామ్మవే. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. మోకాళ్ల నొప్పులున్న నాలాంటివాళ్లం లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నాం. "పిచ్చాళ్ల హాస్టలు" అని పేరు పెట్టినవాళ్ల కోడళ్లు కూడా పొద్దున్నే ముగ్గు పిండి డబ్బా గేటు పక్కన పెట్టడం మొదలెట్టారు. అవసరం మనిషి చేత ఏమైనా చేయిస్తుంది. బాబాయి గారు మాత్రం, "ఇవాళ ముగ్గు, రేపు ఇంట్లోకే వస్తారు" అని గొణిగేవాడు. అయినా ఆయన గేటు ముందూ ముగ్గు పడుతూనే ఉండేది.

అలా ఉండగా బాబాయి గారి తల్లి పోయింది. తొంభై దాటిన మనిషి. పోయేముందు రోజు కూడా మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీసింది. గేటు పక్కన షామియానా వేసి, దాని కింద చాప మీద పడుకోబెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. మామ్మ కూడా వచ్చి, దూరంగా కరెంటు స్తంభం పక్కన నిలబడి, శవాన్ని ఎత్తేదాకా కదలకుండా చూసింది.

చావింటి ముందు పెద్దకర్మ అయ్యేదాకా ముగ్గు పెట్టరు. మాకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు, పసిపిల్లలకు కూడా తెలుసు. వీధిలో ముగ్గు లేని వాకిలి కనబడితే, ఎవరో పోయారని తెలిసిపోతుంది. అందుకే మామ్మతో ఎవరం ఏమీ అనలేదు. చెప్పాల్సిన విషయమని కూడా మాకు తోచలేదు.

చిన్నకర్మ నాటి పొద్దున బాబాయి గారి భార్య, మా పిన్ని, వేసిన కేక విని నేను ముఖం కూడా కడుక్కోకుండా పరిగెత్తాను. సరిగ్గా శవాన్ని పడుకోబెట్టిన చోటే ముగ్గు వేసి ఉంది. రోజూ వేసే ముగ్గు కాదు, షామియానా వేసిన మేరంతా పరుచుకుంది. నాలుగు మూలలా నాలుగు బంతిపూలు పెట్టి ఉన్నాయి. చుట్టాలంతా బయటికొచ్చేశారు. "గిట్టనివాళ్ల పని", "ఇంకో చావు కోరుకునేవాళ్లు చేసే పని" అంటూ ఎవరికి తోచింది వాళ్లు అంటున్నారు. మామ్మ ముగ్గు గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. పారిపోలేదు, దాక్కోలేదు. పైగా మెచ్చుకుంటారని చూస్తున్నట్టుంది ఆ ముఖం.

"మా అమ్మ పోయి ఇంకా తడి ఆరలేదు, నా గుమ్మంలో పండగ చేస్తావుటే!" అన్నాడు బాబాయి గారు. అరవలేదు. అంత పెద్దాయన ఏడవబోవడం చూసి మేమంతా బిగుసుకుపోయాం. ఆయన మేనల్లుడొకడు బకెట్టు నీళ్లు తెచ్చి ముగ్గు మీద గుమ్మరించాడు. ఇంకో చుట్టం మామ్మ మీద చెయ్యెత్తాడు. "ఒరేయ్, ముసలిదాని మీద చెయ్యి పడిందో, మిషను కత్తెరతో వస్తా" అని నేను అరిచిన అరుపు హైవే దాకా వినిపించి ఉంటుంది. చెయ్యి దిగింది. కానీ మామ్మ ముఖంలో ఉన్న వెలుగు అప్పటికే పోయింది.

మధ్యాహ్నానికి గదిలో మామ్మ లేదు. మూట లేదు. తాళం చెవి తాళానికే వేలాడుతోంది. సంస్థవాళ్లిచ్చిన చీర తీగమీద ఆరుతోంది.

"మా ఇంట్లో క్రిస్మస్‌కి స్టారు ముగ్గు తప్ప ఇంకోటి వెయ్యం ఆంటీ. చావింటి ముందు వెయ్యకూడదని నాకు తెలిస్తే ఆపేదాన్ని కదా" అని ఆ అమ్మాయి నా వరండాలో కూర్చుని ఏడ్చింది. ఆ సాయంత్రమే బస్టాండుకి వెళ్లి చూసొచ్చింది. మామ్మ ఆ స్తంభం దగ్గరే ఉందట. పిలిస్తే ముఖం తిప్పుకుందట. ఒకసారి ఇల్లు వదిలి వెళ్లినవాళ్లు రెండోసారి రావడం చాలా కష్టమని, ఈ వయసులో రోడ్డు మీద ఇంకో వానాకాలం గడవదని భయపడింది. నాకూ భయమేసింది. అప్పటిదాకా ఆ మనిషి బతుకు గురించి నేను భయపడ్డది లేదు. మర్నాడు పొద్దున లేచి చూస్తే మా వాకిలి ఊడ్చినవాళ్లే లేరు.

వీధిలో మాత్రం ఆ గది గురించే గొడవ. మూసేయమని కొందరు. రోడ్డు మీద ఇంకెంతమందో ఉన్నారు, కాస్త బుద్ధున్నవాళ్లకివ్వమని కొందరు. నాకూ న్యాయంగానే తోచి ఆ అమ్మాయిని, "ఇంకెవరికైనా ఇవ్వరాదూ, ఖాళీగా ఎందుకు?" అని అడిగాను.

"అది మామ్మ గది ఆంటీ. ఊరెళ్లినవాళ్ల ఇల్లు ఎవరికన్నా ఇచ్చేస్తామా?" అంది.

ఆ పిల్ల రోజూ పొద్దున్నే వచ్చి ఆ గది తలుపు తీసేది. ఊడ్చేది. కుండలో నిన్నటి నీళ్లు పారబోసి కొత్తవి పట్టేది. దాని మీద మూత పెట్టి, గ్లాసు బోర్లించి, తలుపు దగ్గరగా వేసి వచ్చేది. నేను దేవుడి గదిలో పూలు మార్చడం చూశాను గానీ, లేని మనిషికి నీళ్లు మార్చడం చూడలేదు. కుడుతూ కుడుతూ ఆగిపోయేదాన్ని. ఎవరి ఇల్లో అది, ఎవరికి ఆ నీళ్లు! ఈ లోకంలో ఇలాంటి పని ఒకటుందనీ, దానికోసం చదువుకుని వచ్చే పిల్లలున్నారనీ నాకు తెలియదు.

కొన్ని రోజులు పోయాక, "మీరోసారి వస్తారా ఆంటీ? మీరు ఆ రోజు ఆవిడ పక్షాన అరిచారుగా" అంది. ఇద్దరం ఆటో ఎక్కాం. రోడ్డంతా మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకున్న ట్రాక్టర్లే. ఆ ఘాటుకి తుమ్ముతూ బస్టాండుకి చేరాం. మామ్మ స్తంభం పక్కనే ఉంది. నన్ను చూసి, "నీ మోకాళ్లెట్టున్నాయి అమ్మాయ్?" అంది. నాకు మోకాళ్ల నొప్పులని నేనెప్పుడూ ఆవిడతో చెప్పలేదు.

పక్కన కూర్చున్నాను. నా నోరు ఊరుకోదు కదా, "అదేం పని మామ్మా, చావింటి ముందు ముగ్గేస్తారా ఎక్కడన్నా?" అని అడిగేశాను.

"ఏస్తారుగా" అంది మామ్మ. నాకే తెలియదన్నట్టు చూసింది. "నే ఏసేదాన్నిగా ఈడ."

చెయ్యి చాపి ప్లాట్‌ఫారం మీద ఒక చోటు చూపించింది. ఇంకో చోటు. పళ్లబండి నిలబెట్టిన చోటు. తాగునీళ్ల కుళాయి ముందు. "ఈడ ఎవరన్నా పోయారనుకో, మున్సిపాలిటోళ్లొచ్చి ఎత్తుకపోతారు. బకెట్టు నీళ్లు కొట్టి పోతారు. ఆ తడి ఆరకముందే దాని మీద ఇంకోడొచ్చి పడుకుంటాడు. సామాన్లు పెడతారు. ఉమ్ముతారు. ఆ మనిషి నిన్నటిదాకా ఆడ ఉన్నాడు గదా, ఒక్కరోజన్నా తొక్కకుండా ఉండాల గదా. అందుకని ముగ్గేసేదాన్ని."

"తొక్కేవాళ్లు కాదా?"

"ముగ్గు తొక్కుతారా అమ్మాయ్ మనోళ్లు? ఎంత తాగినోడైనా పక్కకి జరిగి పోతాడు. కండక్టర్లు గూడా చుట్టూ తిరిగి పొయ్యేవాళ్లు."

"పిండి ఎక్కడిది?"

"పిండి ఎవరిస్తారు? పిడుగురాళ్ల నుంచి సున్నం లారీలు వచ్చి ఆగుతాయిగా టీకి. కింద రాలింది పోగేసేదాన్ని." వేళ్లు చూపించింది. కొసలన్నీ పగిలి, తెల్లగా బిరుసెక్కిపోయి ఉన్నాయి. నేను ఇన్నాళ్లూ ఆ చేతి ముగ్గునే చూశాను, ఆ చేతిని చూడలేదు.

ఈ బస్టాండులో నేను ఎన్నిసార్లు బస్సు ఎక్కానో. ఎప్పుడో ఒకసారి ఆ ముగ్గుల్లో ఒకదాని పక్కనుంచి నేను కూడా తప్పుకుని నడిచే ఉంటాను, ఎవరు వేశారో, ఎందుకు వేశారో తెలియకుండానే. ఏ ఊరివాడో, ఏ కులంవాడో, పేరు కూడా తెలియని మనిషి చచ్చిపోతే, ఇంత పెద్ద ఊళ్లో వాడికి జరిగిన మర్యాద అదొక్కటే. అది చేసింది ఈవిడ. ఆ క్షణాన ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. "ఏందమ్మాయ్ ఇది" అని కాళ్లు ముడుచుకుంది.

"ఆ పెద్దామె బాగా బతికిన మనిషి గదా" అంది కాసేపాగి. "ఆమెని పడుకోబెట్టిన చోటులోంచే జనం చెప్పులేసుకుని తిరగతన్నారు. నాకు పాణం ఒప్పలా. తప్పయిందంటగా. నాకు తెలవదు."

"ఇంటికెళ్దాం పదండి" అంది ఆ అమ్మాయి.

"యాడికి? అది వదిలేసొచ్చాగా. ఈపాటికి ఎవరో దిగుంటారు."

"ఎవరూ దిగలేదు మామ్మా. అది మీదే."

మామ్మ నవ్వింది. అబద్ధం చెప్పే పిల్లల్ని చూసి నవ్వినట్టు. "ఈడ నీళ్లు తాగి వచ్చేలోపు చోటు పోద్ది. అన్ని రోజులు ఎవరన్నా ఉంచుతారా?"

"వచ్చి చూసుకో, అబద్ధమైతే ఆటోవాడే మళ్లీ దింపుతాడు" అన్నాను నేను. దానికి లేచింది. నమ్మి కాదు, మమ్మల్ని అబద్ధాలకోరుల్ని చేద్దామని.

గది తలుపు తీయగానే మామ్మ గుమ్మం బయటే ఆగిపోయింది. ఆరేసి వెళ్లిన చీర మడత పెట్టి గట్టు మీద ఉంది. మూల నుంచి మూలకు కళ్లతో వెతికింది, ఇంకొకళ్ల సామాను ఎక్కడైనా కనబడుతుందేమోనని. లేదు. లోపలికెళ్లి కుండ మీద మూత తీసింది.

"ఈ నీళ్లెప్పటివి?"

"పొద్దున పట్టినవే."

"ఎవరికి?"

"మీకే."

"నే రాకపోతే?"

"రేపు పారబోసి మళ్లీ పడతాం."

మామ్మ ఆ పిల్ల ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత గ్లాసు తీసి, నీళ్లు ముంచుకుని, గోడ వైపు తిరిగి తాగింది. ఆ గుక్కల చప్పుడు వింటుంటే నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, కొంగుతో ముక్కు చీదుకుంటూ బయటికొచ్చేశాను.

అక్కణ్నుంచి తిన్నగా బాబాయి గారింటికే. ఆయన గుండు తలతో వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మైలని చూడలేదు, కర్మ జరిగే ఇల్లని చూడలేదు, నిలబడే మొత్తం చెప్పేశాను, బస్టాండూ, సున్నం లారీలూ, పగిలిన వేళ్లూ అన్నీ. మధ్యలో ఎవరో చుట్టం ఏదో అనబోతే ఆయనే చేత్తో ఆపాడు. నేను చెప్పడం అయ్యాక ఆయన లేచి గేటు దాకా వెళ్లాడు. తల్లిని పడుకోబెట్టిన చోటు దగ్గర ఆగి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, దాన్ని తప్పించుకుంటూ పక్కనుంచి నడిచాడు. ఆయనకిప్పుడు అక్కడ ముగ్గు కనబడుతోందని నాకు అర్థమైంది.

మామ్మ ఉంది. మూట విప్పిందా లేదా, ఎన్నాళ్లుంటుంది అన్నది మాత్రం మాకెవరికీ తెలియదు. ఇక వీధి జోలికి రాలేదు. వాకిళ్లన్నీ బోసిగా ఉండేవి. ఆ అమ్మాయి రోజూ పొద్దున్నే, ఉందో లేదోనని తలుపు వైపు భయంభయంగా చూస్తూ వచ్చేది.

పెద్దకర్మ అయింది. ఇల్లు కడిగారు, పసుపు నీళ్లు చల్లారు. మర్నాడు తెల్లవారగానే పిన్ని పళ్లెంలో ముగ్గు పిండి, పూలు పెట్టుకుని వచ్చి నన్ను లేపింది. "తోడు రా అమ్మాయ్. మా గుమ్మం ముందు మొదటి ముగ్గు ఆ మామ్మ చేతే వేయించమన్నారు ఆయన. ఆ రోజు అన్న మాటలకి నాకు ఒక్కదానికి ముఖం చెల్లట్లేదు" అంది. ఇద్దరం క్వార్టర్సుకి వెళ్లాం.

మామ్మ తన గది ముందు వంగి ఉంది. ఇన్నాళ్లూ వీధంతా ముగ్గులతో నింపిన మనిషి, ఆ గది ముందు ఒక్క చుక్క పెట్టగా నేను చూడలేదని అప్పుడు తట్టింది. గుమ్మానికి ఆ చివర నుంచి ఈ చివరకి, వసారా అంచు దాకా గీస్తోంది. పిన్ని పళ్లెం చాపి, తడబడుతూ, అడగాల్సింది అడిగింది.

మామ్మ తలెత్తింది. ముఖంలో కోపం లేదు.

"మీ గుమ్మం మీరేసుకోండి అమ్మా" అంది మెల్లగా. "మొదటిది గదా, మీ చెయ్యే పడాల. నాకిక వీలుగాదు. నాకూ ఇల్లుంది."

మళ్లీ వంగి చుక్కలు కలుపుకోసాగింది. పిన్ని పళ్లెం వెనక్కి తీసుకుంది. ఇద్దరం చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ ముగ్గు అంచు తొక్కకుండా గోడ పక్కనుంచి వెనక్కి వచ్చేశాం.